కవచం లేదనుకున్న చెరువు బ్యాక్టీరియా

మంచినీటిలో బతికే బ్యాక్టీరియాకు ఉబ్బి పగిలిపోయే ప్రమాదం ఎప్పుడూ పొంచి ఉంటుంది. కణం లోపల లవణాలు, చక్కెరలు, ప్రోటీన్లు చిక్కగా ఉంటాయి. బయట చెరువు నీళ్లు పలుచన. దాంతో నీళ్లు లోపలికి చొరబడుతూనే ఉంటాయి. మన రక్తంలోని ఎర్రకణాలను మంచినీళ్లలో వేస్తే అవి పగిలిపోయేది ఇందుకే. బ్యాక్టీరియాను కాపాడేది దాని కణకవచం.

ఈ కవచం అచ్చం నేత పనిలా ఉంటుంది. రెండు రకాల చక్కెరలు ఒకటి మార్చి ఒకటి చేరి పొడవాటి పోగులవుతాయి. అది పడుగు. వాటిని అడ్డంగా కట్టిపడేసే చిన్న అమైనో ఆమ్లాల గొలుసులు పేక. ఈ నేత పేరు పెప్టిడోగ్లైకాన్. మన కణాలేవీ దీన్ని తయారుచేయవు. అందుకే పెన్సిలిన్ మన జోలికి రాకుండా బ్యాక్టీరియాను చంపగలుగుతోంది. అది పేక ముడులు పడనివ్వదు. మన కన్నీళ్లలో ఉండే లైసోజైమ్ అయితే పడుగు పోగులనే తెంపేస్తుంది.

1924లో నాందోర్ గిమెషి అనే హంగేరీ శాస్త్రవేత్త బుడాపెస్ట్‌లోని ఒక చెరువు నీటిలో వింత జీవిని చూశాడు. బూజు జాతిదనుకుని ‘తేలియాడే బూజు’ అనే అర్థంలో ప్లాంక్టోమైసిస్ అని పేరు పెట్టాడు. అది బ్యాక్టీరియా అని చాలా ఏళ్ల తర్వాత తేలినా పేరు మాత్రం అలాగే ఉండిపోయింది. దాని బంధువర్గమంతటినీ ఇప్పుడు ప్లాంక్టోమైసీట్స్ అంటారు.

1984లో జర్మనీ పరిశోధకులు ఈ వర్గపు బ్యాక్టీరియా కొన్నింటిని డిటర్జెంట్ ద్రావణంలో మరిగించి, మిగిలిన కవచాన్ని పరీక్షించారు. అందులో ప్రోటీనే కనిపించింది, పెప్టిడోగ్లైకాన్ దొరకలేదు. పైగా వీటి మీద పెన్సిలిన్ పనిచేయదు. రెండూ చక్కగా అతికాయి. నేతే లేనప్పుడు నేతను ఆపే మందుతో పనేముంది? పెప్టిడోగ్లైకాన్ లేని అరుదైన బ్యాక్టీరియా అని పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కేశాయి. నన్ను ఆలోచనలో పడేసే ఘట్టం ఇదే. అప్పటి పరీక్ష చెప్పింది ‘కనబడలేదు’ అని. చదివినవాళ్లు దాన్ని ‘లేదు’ అని రాసుకున్నారు. ఆ మాట 30 ఏళ్లు నిలిచింది.

2015లో రెండు బృందాలు, ఒకటి నెదర్లాండ్స్‌ది, ఇంకొకటి జర్మనీది, నేచర్ కమ్యూనికేషన్స్ పత్రికలో తమ ఫలితాలు ప్రకటించాయి. మొదటి బృందం క్యునేనియా అనే బ్యాక్టీరియాను తీసుకుంది. ఆక్సిజన్ లేకుండానే అమ్మోనియాను నైట్రోజన్ వాయువుగా మార్చే జీవి అది. మురుగునీటి శుద్ధిలో ఈ రకం బ్యాక్టీరియా ఎంతో ఉపయోగపడుతోంది. రెండో బృందం చాలా జాతులను పరీక్షించింది. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌లో, మరూన్ డ్యామ్ నీటిలో దొరికిన జెమ్మాటా అబ్‌స్క్యూరిగ్లోబస్ వాటిలో ఒకటి. పాత పరీక్షలకు చిక్కనిది ఈసారి సున్నితమైన పరికరాలకు చిక్కింది. రెండు బృందాలకూ పెప్టిడోగ్లైకాన్ దొరికింది.

అసలు ఆనవాలు డయామినోపిమెలిక్ ఆమ్లం. ఇది అమైనో ఆమ్లమే అయినా ప్రోటీన్ల తయారీలో వాడుకలో లేదు. చాలా బ్యాక్టీరియా దాన్ని పేకలో కలుపుకుంటాయి. కాబట్టి కణాలను గాఢ ఆమ్లంలో ఉడికించాక అది బయటపడితే ఆ నేత ఉన్నట్టే. కొత్త బ్యాక్టీరియా జాతిని వర్ణించేటప్పుడు దీనికోసం వెతకడం మామూలు పని.

ఇలాంటి కొత్త జాతుల వేట మన దగ్గరా గట్టిగానే సాగుతోంది. మణిపూర్‌లోని లోక్‌తక్ సరస్సు మీద ఫుమ్డీలు అనే తేలియాడే గడ్డి దీవులుంటాయి. అక్కడ దొరికిన అక్విస్ఫేరా ఇన్సులే అనే కొత్త ప్లాంక్టోమైసీట్‌ను హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ, జేఎన్‌టీయూ శాస్త్రవేత్తలు 2021లో వర్ణించారు. ‘ఇన్సులే’ అంటే లాటిన్‌లో ‘దీవికి చెందినది’ అని అర్థం.

ఇక పెన్సిలిన్ సంగతి. కవచంలో ఆ నేత ఉందని తేలాక పాత వివరణ కూలిపోయింది. ఆ మందును ఇవి ఎలా తట్టుకుంటున్నాయో ఒక్కో జాతిలో విడిగా వెతకాల్సి వస్తోంది. ఈలోగా పరిశోధకులు ఆ గుణాన్నే జల్లెడగా వాడుకుంటున్నారు. చెరువు నీటిలోని బ్యాక్టీరియాను పెంచే పోషక మాధ్యమంలో పెన్సిలిన్ కుటుంబానికే చెందిన యాంపిసిలిన్ కలుపుతారు. మిగతా బ్యాక్టీరియా చాలావరకు చచ్చిపోతాయి. నెమ్మదిగా పెరిగే ప్లాంక్టోమైసీట్స్‌కు అప్పుడు చోటు దొరుకుతుంది.