అనప ఇచ్చేది, ఊరు తీసుకెళ్లేది

చలికాలంలో బెంగళూరు మార్కెట్లో అనపకాయల గుట్టలు కనబడగానే, చిత్తూరు, కోలారు వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ తెలుగువాళ్లకు పితుకుపప్పు గుర్తొస్తుంది. ఆ మొక్క చేలో చేసే పని గురించి మాత్రం పెద్దగా మాట్లాడుకోం. రాగి సాళ్ల నడుమ అనప సాలు వేయడం ఈ ఎర్రనేలల్లో పాత పద్ధతి. బస్తా ఎరువు లేకుండా పండించగలమా అన్న ప్రశ్నకు సగం జవాబు ఆ సాలులోనే ఉంది.

అనప మొక్కను మెల్లగా పెకలించి చూడండి. వేళ్లకు చిన్న బుడిపెలుంటాయి. గోటితో చిదిమితే లోపల గులాబీ రంగు కనిపించిందంటే అవి పనిలో ఉన్నట్టే. మన రక్తంలోని హిమోగ్లోబిన్‌కు దగ్గరి చుట్టమైన లెగ్‌హిమోగ్లోబిన్ వల్ల ఆ రంగు వస్తుంది. బుడిపెల్లో ఉండే రైజోబియం బాక్టీరియా గాలిలోని నత్రజనిని అమ్మోనియాగా మారుస్తుంది. గాలిలో 78 శాతం నత్రజనే అయినా ఏ మొక్కా దాన్ని నేరుగా వాడుకోలేదు. బాక్టీరియాలో ఈ మార్పు చేసే ఎంజైమ్ ఆక్సిజన్ తగిలితే పాడైపోతుంది. అందుకే లెగ్‌హిమోగ్లోబిన్ ఆక్సిజన్‌ను పట్టి ఉంచి, బాక్టీరియా బతకడానికి కావలసినంతే అందిస్తుంది. అయితే ఈ నత్రజనిలో ఎక్కువ భాగం నేలకు చేరేది ఆకు, వేరు కుళ్లాకే. కాయ కోసి, చెట్టంతా పీకి పశువులకు వేసి, ఆ పేడను చేనికి తిరిగి తేకపోతే మిగిలేది కొంచెమే.

మిగతా సగం కష్టమైనది. పంటకు నత్రజనితోపాటు భాస్వరమూ కావాలి; అది గాలిలో దొరకదు, రాళ్లలోంచి రావాల్సిందే. బెంగళూరు చుట్టుపక్కల ఎర్రమట్టిలో ఇనుము, అల్యూమినియం దాన్ని గట్టిగా పట్టేస్తాయి. వేళ్లతో కలిసి బతికే శిలీంధ్రాలు కొంత లాగి ఇస్తాయి, కానీ అది ఉన్న నిల్వను తోడుకోవడమే. టన్ను రాగులు ఊరు దాటితే రెండు మూడు కిలోల భాస్వరం వాటితోపాటు వెళ్లిపోతుంది. "ప్రకృతే అన్నీ ఇస్తుంది" అనేవాళ్లు ఈ లెక్క చూడాలని నా కోరిక.

మన పెద్దలు చేలో గొర్రెల మంద కట్టించారు, చెరువు పూడిక మట్టి తోలారు, గట్ల మీది కానుగ ఆకు తొక్కించారు. ఇవన్నీ బయటి సారాన్ని చేనికి చేర్చే పనులే. ఇప్పుడు ఆ సారం పోయేది నగరానికి. మనం తిన్న రాగిముద్దలోని భాస్వరం మురుగుకాలువల్లో కలుస్తుంది. బెంగళూరులోని బెళ్ళందూరు చెరువులో గుర్రపుడెక్క అంతలా పెరగడానికి మురుగు తెచ్చే నత్రజని, భాస్వరాలే బలం.

2018 నుంచి కోరమంగళ–చల్లఘట్ట లోయ పథకం కింద నగరం మురుగునీటిని శుద్ధి చేసి కోలారు చెరువులకు పంపుతున్నారు. భూగర్భ జలాల కోసం మొదలుపెట్టిన పని ఇది. రాగి చేల నుంచి వచ్చిన సారం మళ్లీ ఆ చేలకే చేరాలంటే ఇలాంటి దారులే కావాలి, వాటితోపాటు ఇళ్లలో వేరుచేసిన తడిచెత్త కంపోస్టూ కావాలి. కాకపోతే ఫ్యాక్టరీల నీళ్లు కలిస్తే సీసం, కాడ్మియం లాంటి లోహాలు కూడా వెంట వస్తాయి. ఒకసారి మట్టిలో చేరాక వాటిని తీయడం చాలా కష్టం. ఇళ్ల మురుగును, ఫ్యాక్టరీ మురుగును మొదటి పైపు దగ్గరే వేరు చేయాలి.