ముక్క పరీక్ష: కత్తి తగిలితే గడ్డ పాకుతుందా?

నేను న్యూరోపాథాలజిస్టును. రోగి ముఖం దాదాపు చూడను. నా దగ్గరికి వచ్చేది మెదడు నుంచో వెన్నుపాము నుంచో పరీక్ష కోసం తీసిన ముక్క (బయాప్సీ), అదీ ఒక్కోసారి బియ్యపు గింజంత. దాని చుట్టూ అపోహలు మాత్రం బోలెడు.

అపోహ: స్కాన్‌లో కనిపించాక మళ్ళీ ముక్క ఎందుకు?

ఎమ్మారైలో ఉంగరంలా మెరిసేది టీబీ గడ్డ కావచ్చు, చీము గడ్డ కావచ్చు, గ్లయోబ్లాస్టోమా అనే దూకుడైన మెదడు క్యాన్సర్ కావచ్చు, ఊపిరితిత్తుల నుంచి పాకిన క్యాన్సరూ కావచ్చు. నరాల పైపొర దెబ్బతినే మైలిన్ జబ్బు కూడా కొన్నిసార్లు అచ్చం ట్యూమర్‌లా కనిపిస్తుంది. ఒకదాని మందు ఇంకోదానికి పనికిరాదు. అలాగని ప్రతి మచ్చకూ ముక్క అక్కర్లేదు. మెదడులో బద్దెపురుగు తిత్తులను చాలాసార్లు స్కాన్‌లోనే పోల్చుకుంటారు.

అపోహ: కత్తి తగిలితే పాకుతుంది.

గ్లయోమా (మెదడులో నరాలకు ఆసరాగా ఉండే కణాల నుంచి పుట్టే గడ్డ) కణాలు స్కాన్‌లో కనిపించే అంచు దాటి ముందే మెదడులోకి చొరబడి ఉంటాయి. కత్తి కొత్తగా పాకించేదేమీ లేదు. సర్జన్‌ని అడగాల్సింది రక్తస్రావం గురించి. అరుదే, కానీ ఆ రిస్క్ నిజం.

అపోహ: ఆపరేషన్ మధ్యలో ఒకటి చెప్పారు, తర్వాత మాట మార్చారు.

ఎక్కువ గొడవలు దీని దగ్గరే. థియేటర్ నుంచి వచ్చిన ముక్కలో చిటికెడు తీసి రెండు గాజు స్లైడ్ల మధ్య నొక్కి, రంగు వేసి, సుమారు ఇరవై నిమిషాల్లో చెబుతాం. దీన్ని స్క్వాష్ అంటాం. మెదడు ముక్కలో నీరెక్కువ కాబట్టి, గడ్డకట్టించి కోసే ఫ్రోజెన్‌లో మంచు పలుకులు కణజాలాన్ని చిల్లులు చేస్తాయి. అందుకే నాకు స్క్వాషే ఇష్టం. అప్పుడు సర్జన్‌కి కావాల్సింది రెండు మాటలు: ముక్క సరైన చోటి నుంచే వచ్చిందా, అది ట్యూమరా ఇన్‌ఫెక్షనా? ఇన్‌ఫెక్షన్‌లా ఉంటే ఇంకో ముక్క కల్చర్‌కి, అంటే క్రిములను పెంచి చూసే పరీక్షకి, పంపమంటాం, ముక్కను నిలవ ఉంచే ఫార్మలిన్ ద్రవంలో వేయకుండా. అందులో పడితే క్రిములు చస్తాయి, ఇక కల్చర్‌లో ఏం పెరుగుతాయి?

పూర్తి పేరు జన్యు పరీక్షల తర్వాతే. 2021 నాటి ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణ ప్రకారం, మైక్రోస్కోపులో నెమ్మదిగా పెరిగేదానిలా కనిపించే పెద్దవాళ్ళ ఆస్ట్రోసైటోమా (గ్లయోమాల్లో ఒక రకం) కూడా, ఐడీహెచ్ జన్యువులో మార్పు లేకుండా టెర్ట్ జన్యువును నడిపే భాగంలో (ప్రమోటర్) మార్పు ఉంటే గ్లయోబ్లాస్టోమాయే, గ్రేడ్ 4. థియేటర్‌కి ఫోన్లో ‘గ్లయోమా’ అన్నప్పుడు అబద్ధం చెప్పలేదు, సగం చెప్పాం.

అపోహ: గ్రేడ్ 2 అంటే రెండో స్టేజి.

కాదు. గ్రేడ్ అంటే గడ్డ దూకుడు ఎంతో చెప్పే లెక్క. మెదడులో పుట్టిన గడ్డలు చాలావాటికి స్టేజీల్లేవు.

అపోహ: ముందుగా స్టెరాయిడ్ ఇస్తే పోయేదేముంది?

లింఫోమా (తెల్ల రక్తకణాల క్యాన్సర్) అయితే పోయేది రోగనిర్ధారణే. కణాలు కరిగిపోయి, స్లైడ్‌లో చెత్త ఊడ్చే కణాలే మిగులుతాయి. అలాంటి స్లైడ్ ముందు తల పట్టుకున్న రోజులున్నాయి. అయితే మెదడు వాపు ప్రాణం మీదికి వస్తే స్టెరాయిడ్ తప్పదు, దాన్ని మీ అంతట మీరు ఆపకండి.

రెండో అభిప్రాయానికి వెళ్తుంటే స్లైడ్లతో పాటు ముక్కను పొదిగి ఉంచిన మైనం బ్లాకులు, ఎమ్మారై సీడీ కూడా అడిగి తీసుకెళ్ళండి. బ్లాకుల్ని మాత్రం మే నెల ఎండలో కారులో వదిలేయకండి, మైనం కరుగుతుంది.