జెండా ఒక్క గుంజుడుకు విచ్చుకోవాలంటే

బిడ్డలారా,

జెండా పండుగ దగ్గరికొచ్చింది. పాటలు, ఉపన్యాసాలు మీకు సార్లు నేర్పిస్తారు. జెండా కట్టుడు మాత్రం పొద్దుగాల ఎవరో ఒకరు ఉరుకులాటలో చేసేస్తారు. అందరూ వరుసలో నిలబడ్డాక తాడు గుంజితే ముడి బిగుసుకుంటుంది, లేదంటే పచ్చరంగు పైకొస్తుంది. ఈసారి ఆ పని మీరే చేయాలని ఈ ఉత్తరం. ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలు నలుగురుంటే చాలు.

ముందురోజు సాయంత్రమే గద్దె దగ్గరికి పొండి. మొదట తల పైకెత్తి చూడండి. కంబానికి దగ్గరలో కరెంటు తీగ ఉంటే దేన్నీ ముట్టుకోకుండా సారుకు చెప్పండి. ఇనుప గొట్టాన్ని లేపేటప్పుడో, వంచేటప్పుడో తీగకు తగిలితే ప్రాణాలు పోతాయి. తీగ లేకుంటే తాడు ఆడించి గిరక తిరుగుతోందా చూడండి. కిర్రుమంటే తుప్పు పట్టిందన్నమాట. పెద్దవాళ్లతో కంబం దించి మిషన్ నూనె రెండు చుక్కలు వేయించండి. కొబ్బరినూనె వేస్తే దుమ్ము పట్టి మళ్లీ జిగురుకడుతుంది.

తాడు కంబం ఎత్తుకు రెండింతలు ఉండి, ఇంకో ఐదడుగులు మిగలాలి. 20 అడుగుల కంబానికి 45 అడుగులు. నూలు తాడు చేతికి బాగా ఆనుతుంది గానీ వానకు ఉబ్బి గిరకలో ఇరుక్కుంటుంది, ముడి కూడా బిర్రుగా పడుతుంది. నైలాన్ తాడు ఉబ్బదు, కానీ నున్నగా ఉండి ముడి తనంతట తనే జారుతుంది. ఆగస్టులో నైలాన్, జనవరిలో నూలు మంచిదని నా లెక్క. ఏది వాడినా రెండు కొసలూ కంబానికి కట్టే ఉంచండి. ఒక కొస చేయి జారి పైకి పోయిందంటే మళ్లీ కంబం దించాల్సిందే.

ఇక జెండా. బడులకు మూడడుగులు రెండడుగులది, లేదా ఆరడుగులు నాలుగడుగులది సరిపోతుంది. ఏ సైజైనా పొడవు మూడు పాళ్లు, వెడల్పు రెండు పాళ్లు ఉండాలి. చక్రానికి 24 ఆకులు లెక్కపెట్టుకోండి, చవకగా అచ్చువేసినవాటిలో తక్కువ పడుతుంటాయి. 2021 చివర్లో నియమం మారినప్పటి నుంచి పాలిస్టర్ జెండాలు కూడా వాడొచ్చు. అవి చిన్న గాలికే ఎగురుతాయి. ఖద్దరు జెండా నీళ్లు పీల్చి బరువెక్కుతుంది, అందుకే వానపొద్దు కట్టి రాత్రంతా వదిలేయకూడదు. పొద్దున్నే కట్టండి.

తలకిందులు ఎట్లా అవుతుందో చూడండి. జెండా అంచున తాడు దూర్చిన గొట్టంలాంటి మడత ఉంటుంది. దాని పై కొస కాషాయం వైపుది, కింది కొస పచ్చ వైపుది. గిరకలోకి ఎక్కే తాడుకు కాషాయం కొస కట్టాలి, చేతిలో ఉండి కిందికి గుంజే తాడుకు పచ్చ కొస కట్టాలి. మూట చుట్టాక ఏది ఏదో కనపడదు. అందుకే చుట్టకముందే కాషాయం కొసకు ఒక ఎర్రదారం కట్టుకోండి. తప్పు నూటికి తొంభైపాళ్లు ఇక్కడే జరుగుతుంది.

మూట ఇట్లా కట్టాలి. శుభ్రమైన బల్ల మీద జెండా పరచండి, నేలకు తగలనీయొద్దు. చీర కుచ్చిళ్లు పెట్టినట్టు వెడల్పును జానెడు మందానికి మడవండి. మధ్యలో గుప్పెడు పూరేకులు పోసి, ఎగిరే కొస నుంచి తాడు వైపుకు చుట్టుకుంటూ రండి. జెండాలో ఏదీ మూటగట్టొద్దని జెండా నియమావళి చెబుతుంది, పండుగనాడు పూరేకులకు మాత్రం అనుమతి ఇస్తుంది. రేకులే, పూలు కాదు. నిండు బంతిపూలు పెడితే బరువుకు మూట మధ్యదారిలోనే ఊడుతుంది. తడి రేకులైతే బట్టకు అంటుకుని మరక పడుతుంది. ఉదయం తెంపి, నీడలో గంటసేపు ఆరబెట్టండి.

ఇప్పుడు పచ్చ కొస నుంచి వచ్చే తాడుతోనే మూటకు రెండు చుట్లు వేయండి, నైలానైతే మూడు. మిగిలిన తాడును వేలెడు పొడవు మెలికలా మడిచి, ఆ మెలికను చివరి చుట్టు కింద దూర్చండి. మెలిక మాత్రమే దూరాలి, తాడు కొస మొత్తం దూర్చి లాగితే గట్టిముడి పడిపోయి ఎంత గుంజినా రాదు. సరిగ్గా పడ్డ జారుముడి ఒక్క గుంజుడుకు ఊడుతుంది. పైకి ఎక్కించేటప్పుడు రెండు తాళ్లూ సమంగా పట్టుకోండి, కింది తాడు బిగిస్తే సగం దారిలోనే విచ్చుకుంటుంది. ముందురోజు జెండాతో కాదు, తువ్వాలతో పదిసార్లు కట్టి చూసుకోండి.

తోరణాల కాగితాలు అంటించే లై, అంటే పిండి జిగురు, ఇంట్లోనే చేసుకోవచ్చు. కప్పు మైదాకు నాలుగు కప్పుల నీళ్లు. మైదాను మొదట చల్లని నీళ్లలో గడ్డలు లేకుండా కలిపి, తర్వాతే సన్న మంట మీద కలియబెడుతూ ఉడికించాలి. వేడినీళ్లలో పిండి పోస్తే ఉండలు కడుతుంది. మైలుతుత్తం కలపొద్దు, అది విషం. సుతిలి తాడు మీద రంగు కాగితాల త్రికోణాలు అంటించండి, కానీ మూడురంగుల చిన్నచిన్న జెండాలే వరుసగా కట్టి తోరణం చేయొద్దు. జెండాను అలంకారానికి వాడకూడదని నియమం. ఈ సంగతి చాలామంది పెద్దలకే తెలియదు. ఆగస్టు వానకు కాగితం రంగు కారి గోడకు అంటుతుంది, వరండా లోపలే కట్టండి.

జనగణమన 52 సెకన్లు. సాగదీస్తే నిమిషం దాటుతుంది. గడియారం పెట్టి సాధన చేయండి.

ప్రతిజ్ఞ మాత్రం మన జిల్లా వాళ్లదే. దాన్ని తెలుగులో రాసిన పైడిమర్రి వెంకట సుబ్బారావు గారు నల్లగొండ జిల్లా అన్నెపర్తిలో పుట్టారు. 1962లో, విశాఖపట్నంలో ఉద్యోగం చేస్తున్నప్పుడు రాశారు. చదివేముందు ఆయన పేరు చెప్పండి.

ఇంకొకటి. 1947 ఆగస్టు 15న నల్లగొండ, పాలమూరు నిజాం రాజ్యంలోనే ఉన్నాయి. భారత సైన్యం వచ్చాక 1948 సెప్టెంబర్ 17న నిజాం లొంగిపోయాడు. మన జిల్లాలు దేశంలో కలిశాక వచ్చిన మొదటి ఆగస్టు 15, 1949ది. ఆ రోజుల్లో మీ ఊళ్లో జెండా ఎక్కడ ఎగిరిందో ఇళ్లల్లో ముసలోళ్లను అడిగి రాసుకోండి.

మిఠాయిలు పంచగానే అందరూ వెళ్లిపోతారు. సాయంత్రం జెండా దించడానికి ఇద్దరి పేర్లు పొద్దున్నే రాసిపెట్టండి. పొద్దుగూకేలోపు దించండి. తడిగా ఉంటే నీడన ఆరబెట్టి, కాషాయాన్నీ పచ్చనూ తెలుపు కిందికి మడిచి, తెలుపును రెండు పక్కల నుంచి మధ్యకు మడవండి. చక్రం పైకి కనపడాలి. కిందపడ్డ కాగితపు జెండాలన్నీ ఏరి సంచిలో వేసి హెడ్మాస్టరు సారుకు ఇవ్వండి, ఊడ్చి చెత్తలో పడేయొద్దు.

ఇట్లు,
మీ తాత