ఎండకు తేదీ మారిన గుర్రాల పండుగ: సోమా వంశపు వారసత్వం

జపాన్‌లోని ఫుకుషిమా రాష్ట్రపు సముద్ర తీరాన ఏటా జూలై చివర జరుగుతూ వచ్చిన ‘సోమా నోమావోయి’ అనే గుర్రాల ఉత్సవాన్ని 2024 నుంచి మే నెలాఖరుకు మార్చారు. 2023 జూలైలో జరిగిన ఉత్సవంలో వందకు పైగా గుర్రాలు వడదెబ్బకు గురై, వాటిలో రెండు చనిపోవడమే దీనికి కారణం. వెయ్యేళ్ల నాటిదని చెప్పుకునే క్రతువు తేదీని మార్చవచ్చునా అన్న ప్రశ్న సహజంగానే వచ్చింది. దీనికి జవాబు వెతకాలంటే ఆ క్రతువును కాపాడుకొచ్చిన సోమా వంశం కథ తెలియాలి.

సోమా వారు తమ మూలపురుషుడు తైరా నో మసకాదో అని చెప్పుకుంటారు. పదో శతాబ్దంలో తూర్పు జపాన్‌లో చక్రవర్తిపై తిరగబడి, 940లో హతుడైన యోధుడతడు. అడవి గుర్రాలను మైదానంలోకి వదిలి, వాటిని శత్రువులుగా భావించి తరమడం ద్వారా అతడు సైన్యానికి శిక్షణ ఇచ్చాడనీ, పట్టిన గుర్రాలను దేవతకు సమర్పించాడనీ ఐతిహ్యం. దీనికి గట్టి ఆధారాలు లేవు. చరిత్రకు స్పష్టంగా అందేది పన్నెండో శతాబ్దం చివరి నుంచే. తూర్పు జపాన్ యోధ నాయకుడు చిబా త్సునెతానె రెండో కుమారుడైన మోరోత్సునె, నేటి టోక్యోకు ఈశాన్యంగా ఉన్న సోమా ప్రాంతాన్ని పొంది, ఆ ఊరి పేరునే ఇంటి పేరుగా చేసుకున్నాడు. 1189లో అప్పటి సైనికాధినేత మినామోతో నో యోరితోమో ఉత్తరాదిపై సాగించిన దండయాత్రలో పాల్గొన్నందుకు అతనికి ఫుకుషిమా తీరంలోని నమెకాతా ప్రాంతంలో భూములు దక్కాయి. అయితే ఆ భూములకు వంశం నిజంగా తరలివెళ్లింది 1323 ప్రాంతంలో, షిగెతానె కాలంలో. ఒదాకా కోట వారి తొలి ప్రధాన స్థావరమైంది. తమ కులదైవం మ్యోకెన్‌ను కూడా వారు వెంట తీసుకెళ్లారు. ధ్రువ నక్షత్రానికీ సప్తర్షి మండలానికీ అధిదేవతగా కొలిచే ఈ మ్యోకెన్‌కే గుర్రాల సమర్పణ జరిగేది.

అప్పటి నుంచి 1871లో సంస్థానాలు రద్దయ్యే దాకా, అంటే దాదాపు 550 ఏళ్లు, సోమా వారు ఆ తీరాన్నే పట్టుకుని ఉన్నారు. షోగన్‌లు (దేశాన్ని ఏలిన సైనిక పాలకులు) సామంతులను ఒక చోటి నుంచి మరో చోటికి మార్చడం మామూలైపోయిన దేశంలో ఇది చాలా అరుదు. పైగా వారి ఉత్తరపు పొరుగువాడు దాతె మసమునె. 1589లో అతడు సోమా వారి సరిహద్దు కోటలను లాక్కున్నాడు. దాతె వంశపు సెందాయ్ సంస్థానం విలువ 6,20,000 కొకులైతే, సోమా వారిది 60,000 కొకులు. ఒక కొకు అంటే సుమారుగా ఒక మనిషికి ఏడాదికి సరిపడే బియ్యం.

దేశాధిపత్యాన్ని తేల్చిన 1600 నాటి సెకిగహారా యుద్ధంలో సోమా వారు ఏ పక్షమూ వహించలేదు. అందుకు శిక్షగా 1602లో ఆ యుద్ధ విజేత తొకుగావా ఇయెయాసు వారి భూములను స్వాధీనం చేసుకున్నా, విన్నపాలు ఫలించి అవి తిరిగి దక్కాయి. 1611లో తోషితానె రాజధానిని ఒదాకా నుంచి ఉత్తరాన ఉన్న నకమురాకు మార్చాడు. అదే ఏడాది చివర వచ్చిన సునామీలో సోమా భూముల్లో 700 మంది మునిగి చనిపోయారని నాటి రికార్డులు చెబుతున్నాయి. నాలుగు వందల ఏళ్ల తర్వాత ఆ తీరానికే మళ్లీ వచ్చిన ఉప్పెనను చూసిన వారికి ఈ వాక్యాన్ని చదివి ముందుకు సాగిపోవడం కష్టం.

తొకుగావా షోగన్‌ల శాంతికాలంలో సామంతుల సైనిక విన్యాసాలపై గట్టి నిఘా ఉండేది. అయినా నోమావోయి సాగింది. దైవకార్యమన్న హోదాయే దాన్ని కాపాడిందని అక్కడి వారు చెబుతారు. పదిహేడో శతాబ్దంలో, నేటి మినామిసోమా నగరంలోని హరమాచి వద్ద గుర్రాల మేతబీడు చుట్టూ మట్టికట్ట కట్టించి, మందను అందులోనే పెంచారు.

ఆ వంశపు పాలనకు అసలు పరీక్ష కరువు రూపంలో వచ్చింది. 1780లలోని తెన్మెయ్ కరువు సంస్థానాన్ని తుడిచిపెట్టినంత పని చేసింది. ఆ శతాబ్దం ఆరంభంతో పోలిస్తే జనాభా సగానికంటే తక్కువకు పడిపోయింది. బీడుపడిన పొలాలను మళ్లీ సాగులోకి తేవడానికి పశ్చిమ తీరంలోని హొకురికు ప్రాంతం నుంచి జోదో షిన్ అనే బౌద్ధ శాఖకు చెందిన రైతు కుటుంబాలను రప్పించారు. సొంత సంస్థానాల నిషేధాలను దాటి రహస్యంగా వచ్చిన ఆ కుటుంబాలకు భూమీ ఇల్లూ ఇచ్చి నిలబెట్టారు. 1845 నుంచి వ్యవసాయ సంస్కర్త నినోమియా సొంతొకు రూపొందించిన గ్రామ పునరుద్ధరణ పద్ధతిని ఊరూరా అమలు చేశారు. ఈ వంశం గెలిచిన యుద్ధాల కంటే ఈ పనే గొప్పదని నా అభిప్రాయం.

1868 అంతర్యుద్ధంలో సోమా సంస్థానం మొదట ఉత్తరాది కూటమిలో చేరి, తర్వాత కొత్త ప్రభుత్వ సేనలకు లొంగిపోయింది. సంస్థానం రద్దయ్యాక మందలోని గుర్రాలను పట్టి తరలించారు. తరమడానికి గుర్రాలే లేక క్రతువు ఆగిపోయింది. 1878లో ఓతా ఆలయం చొరవతో అది తిరిగి మొదలైంది. నేటి రూపంలో నకమురా, ఓతా, ఒదాకా ఆలయాల నుంచి బయలుదేరే సుమారు 400 మంది కవచధారులైన రౌతులు హిబరిగహారా మైదానంలో పందేలు వేస్తారు, బాణసంచాతో పైకి ఎగరేయగా ఆకాశంలోంచి రాలే దేవతా పతాకాల కోసం పోటీపడతారు. తెల్లని దుస్తుల్లో ఉన్నవారు వట్టి చేతులతో గుర్రాన్ని పట్టి దైవానికి అర్పించే పాత భాగం ఒదాకా ఆలయంలో మాత్రమే మిగిలింది.

తేదీ విషయానికొస్తే, సంస్థానాల కాలంలో ఈ క్రతువు చాంద్రమాన పంచాంగపు ఐదో నెలలో, పన్నెండు జంతువుల పేర్లతో రోజులను లెక్కించే పద్ధతిలో కోతి పేరు గల రోజున జరిగేది. కొత్త క్యాలెండర్ వచ్చాక అది జూలైకి జరిగి, చాలా ఏళ్లు 23 నుంచి 25 వరకు నిలిచింది. కాబట్టి జూలై తేదీ కూడా మెయిజీ కాలం (1868–1912) నుంచి వచ్చిన ఏర్పాటే. 2011 మార్చిలో భూకంపం, సునామీ, అణు ప్రమాదం ఒకదాని వెంట ఒకటి వచ్చినప్పుడు ఒదాకా మొత్తం 20 కిలోమీటర్ల నిషేధిత వలయంలో పడింది. ఆ ఏడాది కూడా పందేలు లేకుండా, తక్కువ మందితో క్రతువు జరిపారు. ఒదాకా నివాసులకు ఇళ్లకు తిరిగి వెళ్లే అనుమతి 2016 జూలైలో గాని రాలేదు.

తేదీ తర్వాత మరో నియమం కూడా మారింది. స్త్రీలలో ఇరవై ఏళ్లలోపు, పెళ్లికాని వారు మాత్రమే రౌతులుగా పాల్గొనాలన్న కట్టుబాటును 2025 ఉత్సవం నుంచి తొలగించారు.