మేచెన్ ఎవరని అడిగారుగా

పిల్లలూ,

మొన్న పాస్టర్‌గారు ప్రసంగంలో మేచెన్ పేరు ఎత్తితే ఆయనెవరు తాతయ్యా అని అడిగారు కదా, ఫోన్లో తేలే కథ కాదని రాస్తున్నా. జె. గ్రెషమ్ మేచెన్ 1881లో అమెరికాలో బాల్టిమోర్‌లో పుట్టాడు, కలిగిన కుటుంబం, గ్రీకు బాగా చదివి, పాస్టర్లని తయారుచేసే ప్రిన్స్‌టన్ సెమినరీలో చేరాడు.

నాకు ఆయనలో నచ్చింది ఆ చదువు కాదు, సందేహాలు. 1905లో జర్మనీ వెళ్ళి మార్బుర్గ్‌లో హెర్మన్ అనే లిబరల్, అంటే బైబిల్ సంగతుల్ని ఉన్నదున్నట్టు జరిగాయని నమ్మని, ప్రొఫెసర్ క్లాసుల్లో కూర్చున్నాడు, ఆ మనిషి భక్తి చూసి కదిలిపోయి, మరి నేను నమ్మిందంతా నిజమేనా అని లోపల్లోపల నలిగిపోయాడు. 1906లో ప్రిన్స్‌టన్‌లో పాఠాలు చెప్పడం మొదలెట్టినా ఆర్డినేషన్, అంటే పాస్టర్‌గా సంఘం ఇచ్చే అధికారిక నియామకం, తీసుకున్నది 1914లోనే. మనవాళ్ళు కొందరు నాలుగు రోజులు బైబిల్ కోర్సు చేసి పేరు ముందు రెవరెండ్ తగిలించేసుకుంటారు, సరే ఆ గోల ఇప్పుడెందుకు.

1923లో 'క్రిస్టియానిటీ అండ్ లిబరలిజం' రాశాడు, చిన్న పుస్తకమే. క్రీస్తు చనిపోయి లేచాడన్నది నిజంగా జరిగిన సంగతి, దాన్ని పక్కనపెట్టి మంచి మాటలు మాత్రం ఉంచుకుంటే అది క్రైస్తవమే కాదు వేరే మతం, అలా నమ్మేవాళ్ళు నిజాయితీగా సంఘం వదిలి బయటికెళ్ళొచ్చుగా అంటాడు. ఘాటుగానే ఉంటుంది కానీ తిట్లుండవు, అందుకే దేవుణ్ణి నమ్మని మెన్కెన్ అనే జర్నలిస్టు కూడా ఈయన పోయాక మెచ్చుకుంటూ రాశాడు.

1929లో లిబరల్స్‌కి చోటిచ్చేలా ప్రిన్స్‌టన్ పాలకవర్గాన్ని మార్చేస్తే బయటికొచ్చి ఫిలడెల్ఫియాలో వెస్ట్‌మిన్‌స్టర్ సెమినరీ పెట్టాడు. 1933లో మిషనరీలని పంపడానికి తన సంఘానిది కాకుండా వేరే బోర్డు పెడితే ఆ సంఘపెద్దలు మానెయ్యమన్నారు, మానలేదు, విచారణ పెట్టి సస్పెండ్ చేశారు, మానెయ్యమన్న ఆ ఆర్డరే చెల్లదన్న ఆయన వాదన మాత్రం విననే లేదు. 1936లో వేరే సంఘం మొదలెట్టి ఏడాది తిరక్కుండానే, 1937 జనవరి 1న, ప్రసంగాలకని వెళ్ళిన నార్త్ డకోటాలో నిమోనియాతో పోయాడు.

అలాగని దేవదూతని చెయ్యకండి. 1913లో సెమినరీ హాస్టల్లో నల్లజాతి స్టూడెంట్‌ని ఉంచడం తనకి ఇష్టంలేదని వాళ్ళమ్మకి ఉత్తరం రాశాడు, అదే చోట పెద్ద ప్రొఫెసర్ వార్‌ఫీల్డ్ ఆ అబ్బాయి ఉండాల్సిందే అన్నాడు, కాబట్టి ఆ కాలమే అంత అని సర్దిచెప్పడానికి కూడా కుదరదు. తక్కువమంది మాట కూడా వినండి అని తర్వాత పోరాడింది ఈ మనిషే, నాకిది ఇప్పటికీ మింగుడుపడదు.

పుస్తకం పంపిస్తా. మొదటి అధ్యాయం ముందుమాటే, అందులో అప్పటి అమెరికా స్కూళ్ళ చట్టాల గొడవ ఉంటుంది, బోరు కొడితే దాటేసి రెండో అధ్యాయం నుంచి మొదలెట్టండి.

మీ తాతయ్య