రికార్డు పుట్టిన ఊరు, గాడి పుట్టిన ఊరు

విజయవాడ లెనిన్ సెంటర్‌లో పాత పుస్తకాల కట్టల మధ్య ఆమధ్య నాకొక సితార్ కచేరీ రికార్డు దొరికింది. 1960ల నాటి లాంగ్‌ప్లే. కచేరీ లండన్‌లో రికార్డయింది, ప్లేటు మాత్రం కలకత్తా పక్కన డమ్‌డమ్‌లో అచ్చయింది. ధర అడిగితే దుకాణదారు, "ఇది మన దేశపుదే కదండీ, మీరు ఎంతిస్తే అంత. జపానుదైతే ఆ లెక్క వేరు" అన్నాడు.

రికార్డులు సేకరించేవాళ్ళలో చాలామంది మాట ఇదే. పెద్దపీట జపానుకు, ఆ తర్వాత ఇంగ్లండు, జర్మనీ, వాటి కింద అమెరికా, చిట్టచివర మనది. ఈ వరుసలో నిజమెంతో తేల్చుకోవాలని నాకు చాలాకాలంగా కోరిక. అదే కచేరీ ఇంగ్లండు ప్రతి నా దగ్గర ఉంది, జపాను ప్రతి గుంటూరు బ్రాడీపేటలో ఉండే మిత్రుడి దగ్గర ఉంది. మూడూ ఒకచోట చేరడం ఇదే మొదటిసారి.

రికార్డు ఎన్ని చేతులు మారి తయారవుతుందో తెలిస్తే గాని ఈ పోలికకు అర్థం ఉండదు. ముందు స్టూడియోలో టేపు. ఆ టేపు వింటూ ఒక ఇంజనీరు, నైట్రోసెల్యులోజ్ పూత పూసిన అల్యూమినియం పళ్ళెం మీద గాడి కోస్తాడు. ఎంత బిగ్గరగా కోయాలి, మంద్రం ఎంత ఉంచాలి, తారస్థాయిని ఎంత అదుపు చేయాలి అన్నవి అతని నిర్ణయాలు. ఆ మెత్తటి పళ్ళేనికి వెండి పూత వేసి, విద్యుత్తు సాయంతో దాని మీద నికెల్ పేర్చి పోత తీస్తారు. దాని నుంచి మరో పోత. దీన్ని కార్మికులు 'మదర్' అంటారు, తల్లి అచ్చన్నమాట. తల్లి అచ్చు నుంచి తీసినదే ప్లాస్టిక్‌ను నొక్కే స్టాంపరు. సుమారు 150 డిగ్రీల వేడిలో, వంద టన్నుల పైచిలుకు ఒత్తిడితో, అర నిమిషంలో ఒక రికార్డు తయారవుతుంది.

ఇంత మోటు యంత్రం చేయాల్సిన పని ఎంత సున్నితమైనదో చూడండి. నిమిషానికి 33⅓ చుట్లు తిరిగే పన్నెండు అంగుళాల రికార్డు అంచున గాడి ముల్లు కింద నుంచి సెకనుకు 51 సెంటీమీటర్లు జరుగుతుంది. లేబులు దగ్గరకు వచ్చేసరికి అది 21 సెంటీమీటర్లే. సెకనుకు పదివేల కంపనాల ధ్వని, అంటే తాళాల గలగలలోని పై అంచు లాంటిది, బయటి గాడిలో 51 మైక్రాన్ల అలగా ఉంటుంది. లోపలి గాడిలో 21 మైక్రాన్లకు కుదించుకుపోతుంది. తలవెంట్రుక మందమే సుమారు 70 మైక్రాన్లు. స్టాంపరు కాస్త అరిగినా, ప్లాస్టిక్ గాడి మూలల్లోకి పూర్తిగా పారకముందే ప్రెస్సు తెరిచినా ముందు పోయేది ఈ అలే. ఏ దేశపు రికార్డైనా చివరి పాట కొంచెం మసకగా వినిపించడానికి మూలం ఇక్కడే ఉంది.

కాబట్టి రికార్డుకు రెండు పుట్టిళ్ళు. గాడిని కోసిన ఊరు ఒకటి, ప్లాస్టిక్‌ను నొక్కిన ఊరు ఇంకొకటి. లేబులు మీద సాధారణంగా రెండోదే ఉంటుంది. మొదటిది తెలుసుకోవాలంటే పాటలు అయిపోయాక లేబులుకు ముందు మిగిలే నున్నటి పట్టీని చూడాలి.

డమ్‌డమ్ ప్రతిని కిటికీ దగ్గరకు తీసుకెళ్ళి, టార్చిలైటును పక్కవాటంగా పట్టి భూతద్దంలో చూశాను. నల్లటి పట్టీ మీద సన్నగా చెక్కిన అంకెలు, చివర ఒక అడ్డగీత, దాని పక్కన 1. ఇంగ్లండు ప్రతి తీసి పక్కన పెట్టాను. అవే అంకెలు, అదే అడ్డగీత, అదే 1. రెండూ ఒకే కోత! ఇంగ్లండులో ఈఎంఐ కంపెనీ కర్మాగారం లండన్ శివారు హేస్‌లో ఉండేది. ఇంగ్లండులో కోసిన గాడికి తీసిన లోహపు అచ్చులను ఆ కంపెనీ ఇతర దేశాల్లోని తన కర్మాగారాలకు పంపేది, డమ్‌డమ్‌కు కూడా. నా ఇంగ్లండు ప్రతి మీద ఇంకో గుర్తు కూడా ఉంది. అంకెలు నిటారుగా ఉండేలా పట్టుకుంటే ఎడమవైపు తల్లి అచ్చు సంఖ్య, కుడివైపు స్టాంపరు సంఖ్య కనిపిస్తాయి. స్టాంపరు సంఖ్యను మాత్రం ఈఎంఐలో భాగమైన గ్రామఫోన్ కంపెనీ లిమిటెడ్ పేరులోని ఇంగ్లీషు అక్షరాలతో సూచించేవారు. జి అంటే 1, ఆర్ అంటే 2, ఎ అంటే 3, ఎం 4, ఓ 5, పి 6, హెచ్ 7, ఎల్ 8, టి 9, డి సున్నా. నా ప్రతి మీద 'ఆర్ఓ' అని ఉంది, అంటే ఇరవై అయిదో స్టాంపరు. అరవై ఏళ్ళ కిందటి ఒక కార్మికుడి సుత్తి దెబ్బను ఇలా చదవగలగడం నాకు ఇప్పటికీ గొప్పగానే ఉంటుంది.

జపాను ప్రతి మీద అంకెలు పూర్తిగా వేరు. అది అక్కడే కోసిన గాడి.

ఇక వినడం. చెవి చాలా తేలికగా మోసపోతుంది. రెండింటిలో ఏది కొంచెం బిగ్గరగా ఉంటే అదే మంచిదనిపిస్తుంది, శబ్దం పెరిగిందని మాత్రం తెలియదు. అందుకని మూడు ప్రతుల్లోనూ ఒకేచోట, తంబురా ఒక్కటే మోగే భాగంలో, స్పీకరు తీగల దగ్గర మల్టీమీటరు పెట్టి స్థాయి సమానం చేశాం. మిత్రుడి కూతురు మాకు కనబడకుండా రికార్డులు మార్చింది. మొదట్లో పాటకు ముందు వచ్చే గీరుడును బట్టే ఏ దేశమో చెప్పేస్తున్నామని గ్రహించి, ఆ అమ్మాయే ముల్లును పాట మధ్యలో దించడం మొదలుపెట్టింది. అప్పుడు తేలింది అసలు సంగతి. సంగీతం నిండుగా సాగేచోట ఇంగ్లండు ప్రతికి, డమ్‌డమ్ ప్రతికి మధ్య తేడాను మేమిద్దరం నమ్మకంగా పట్టుకోలేకపోయాం. జపాను ప్రతిని మాత్రం ప్రతిసారీ గుర్తుపట్టాం. దాని నేపథ్యం నిశ్శబ్దంగా ఉంది, కాని సితార్ తీగల ఝంకారం పలచబడి, తబలా డగ్గా వెనక్కి తగ్గింది.

జపాను నిశ్శబ్దానికి కారణం ప్లాస్టిక్. అక్కడి కర్మాగారాలు శుభ్రమైన ముడిసరుకు వాడేవి. పైగా 1970ల మొదట్లో జేవీసీ సంస్థ నాలుగు స్పీకర్ల ధ్వనిని ఒకే గాడిలో ఇరికించే పద్ధతి తెచ్చింది. అందుకు సెకనుకు 30 వేల కంపనాల వాహక తరంగాన్ని గాడిలో కోయాలి. మనిషి చెవికి వినబడే హద్దు 20 వేలు. అంత సన్నటి అల అరిగిపోకుండా నిలవాలంటే మామూలు ప్లాస్టిక్ చాలదు, కొత్త మిశ్రమం తయారు చేసుకోవాల్సి వచ్చింది. అయితే అక్కడ కోసే గాడికి తరచు అసలు టేపు కాక దాని నకలు వెళ్ళేది. నకలు తీసినప్పుడల్లా కొత్త టేపు తన బుసను కూడా కలుపుతుంది. రెండు టేపుల బుస సమానమైతే మొత్తం 3 డెసిబెల్‌లు పెరుగుతుంది. ఆపైన ఆ ఊరి ఇంజనీరు అభిరుచి తోడవుతుంది. గది గోడలకు వెల్ల వేసినంత శుభ్రంగా ఉన్నా, నా చెవికి అది కచేరీకి ఒక అడుగు దూరంగానే వినిపించింది.

అమెరికా సంగతి ఇంకా చిక్కు. క్యాపిటల్ కంపెనీకి తూర్పున స్క్రాంటన్‌లో ఒక కర్మాగారం, పడమర లాస్ ఏంజెలెస్‌లో మరొకటి ఉండేవి. ఒకే పాటకు వేర్వేరు కోతలు వేర్వేరు చోట్లకు వెళ్ళేవి. బీటిల్స్ పాటల్లో కొన్నింటికి ఆ కంపెనీ ప్రతిధ్వని కూడా కలిపింది. అలాంటప్పుడు 'అమెరికా అచ్చు' అంటే ఏ అచ్చు? 1954లో ఆర్‌ఐఏఏ (అమెరికా రికార్డు కంపెనీల సంఘం) ప్రమాణం రాకముందు మంద్రాన్ని తగ్గించి, తారస్థాయిని పెంచి కోసే కొలత కంపెనీకొక తీరుగా ఉండేది. ఆ కాలపు రికార్డులను నేటి యాంప్లిఫయర్‌తో విని ఒక దేశం గొంతు మందం, ఇంకో దేశం గొంతు కీచు అని తీర్పు చెప్పడం అన్యాయం. జర్మనీలో టెల్డెక్ సంస్థ 1980లలో నేరుగా రాగి పళ్ళెం మీదే కోసే పద్ధతి తెచ్చి, మధ్యలో రెండు పోతలను తప్పించింది.

డమ్‌డమ్ లోపాలను నేను దాచడం లేదు. గీరుడు ఎక్కువే. మిగిలిన ముక్కలను, అమ్ముడుపోని రికార్డులను కరిగించి మళ్ళీ వాడితే, వాటితోపాటు లేబులు కాగితపు పొట్టు కూడా కలుస్తుంది. ఒక ప్రతిలో గాడి మధ్య గోధుమరంగు కాగితపు నలుసు భూతద్దంలో స్పష్టంగా కనబడింది, ముల్లు దాని మీదికి రాగానే టక్కుమంది. అంతకంటే నన్ను ఎక్కువ బాధించేది నడిమి రంధ్రం. అది అర మిల్లీమీటరు పక్కకు పడితే లోపలి గాళ్ళ దగ్గర వేగం 0.8 శాతం పైకీ కిందికీ ఊగుతుంది. ఒక స్వరస్థానానికీ పక్కదానికీ దూరం సుమారు 6 శాతం. అంటే నిలకడగా ఉండాల్సిన షడ్జమం అందులో ఏడో వంతు అటూ ఇటూ జారుతుంది, 1.8 సెకన్లకొకసారి. వాద్యకారుడు వేయని గమకం అది. ముల్లు చెయ్యి ఎడమకూ కుడికీ ఊగుతూ ఉంటే చూసి కూడా పట్టుకోవచ్చు.

ఒక్క విషయం గుర్తుంచుకోవాలి. వినైల్ ప్లాస్టిక్ వాడుకలోకి రాకముందు, అంటే 1948లో అమెరికా కొలంబియా కంపెనీ లాంగ్‌ప్లే పుట్టకముందు, ప్రపంచమంతటా రికార్డులు ఎక్కువగా లక్కతోనే తయారయ్యేవి. ఏటికొప్పాక బొమ్మలకు మెరుగుపెట్టే లక్కే. ఆ లక్కలో అధికభాగం మన దేశం నుంచి వెళ్ళిందే. అందులో కలిపే రాతిపొడి వల్ల గీరుడు తప్పేది కాదు, ఏ దేశంలో నొక్కినా సరే.

పైగా మన రికార్డుల మీద మోపే నిందలో సగం కర్మాగారానిది కాదు. విజయవాడ ఎండకు మూసిపెట్టిన కారులో రికార్డు అప్పడంలా వంగిపోతుంది, ఆ ప్లాస్టిక్ 60 డిగ్రీల దరిదాపుల్లోనే మెత్తబడుతుంది. వానాకాలం అట్టపెట్టెల్లో బూజు పడుతుంది. అన్నిటికంటే ఎక్కువగా మన రికార్డులు పనిచేశాయి. పెళ్ళిళ్ళలో, శ్రీరామనవమి పందిళ్ళలో మైకుసెట్ల మీద రోజంతా తిరిగాయి. నేటి ముల్లు గాడిపై మోపే బరువు రెండు గ్రాములైతే, ఆనాటి ముల్లుది అయిదు గ్రాముల దాకా ఉండేది.

అలాంటిదొకటి, నాలుగు పాటల తెలుగు సినిమా రికార్డు, నా దగ్గర ఉంది. లేబులు మీద తెనాలి పక్కన పల్లెలోని మైకుసెట్టు దుకాణం రబ్బరుముద్ర. గాళ్ళు తెల్లబారిపోయాయి. స్వేదనజలంలో చుక్క సబ్బు వేసి, గాడి వెంబడి మెత్తటి గుడ్డతో తుడిచాను. గుండ్రటి మొన ఉన్న ముల్లుతో పెడితే గొంతు చీలిపోయింది. ఆనాటి ముళ్ళ మొనలూ గుండ్రటివే, గాడి గోడను అవి ఒకే ఎత్తులో అరగదీశాయి. మొన సన్నగా ఉండే ముల్లు అదే గోడను ఇంకాస్త కింద తాకుతుంది, అక్కడ అరుగుదల తక్కువ. ముల్లు మార్చి మళ్ళీ పెట్టాను. గీరుడు పూర్తిగా పోలేదు. కాని రెండో చరణానికి ముందు గాయకుడు తీసుకున్న ఊపిరి వినిపించింది. ముల్లు ఎత్తి, ఆ చరణం దగ్గరే మళ్ళీ దించాను.