నిలువునా కోసుకోండి: కురొసావా 'హకుచి' వెనక కథ

265 నిమిషాలు. 1951లో జపాన్ దర్శకుడు అకీరా కురొసావా ఎడిటింగ్ ముగించి షోచికు సినిమా కంపెనీ చేతికిచ్చిన 'హకుచి' సినిమా నిడివి అది. ఇవాళ మనకు దొరికేది 166 నిమిషాలు. పోయినవి 99 నిమిషాలు, అంటే ఓ చిన్న సినిమా అంత. కంపెనీ వాళ్ళు కత్తెర పట్టుకున్నప్పుడు, కోయాలనుకుంటే నిలువునా కోసుకోమనండి అని కురొసావా మండిపడ్డాడని చెబుతారు. ఫిలింని అడ్డంగా కోస్తే సీన్లు పోతాయి. నిలువునా కోస్తే ఏ ఫ్రేమూ మిగలదు. మీరు చేస్తున్నది ఎలాగూ అదే కదా అని ఆయన ఎత్తిపొడుపు.

దీన్ని దర్శకుడికీ కంపెనీకీ మధ్య నిడివి పేచీగా చెప్పడం రివాజు. అది సగం సంగతే. దోస్తొయెవ్‌స్కీ 'ఇడియట్' నవలను ఒక జపాన్ దర్శకుడు నాలుగున్నర గంటల సినిమాగా తీసి, అందులో ఒక్క ముక్క కూడా వదలనని ఎందుకు మొండికేశాడు? పేచీ అసలు వేరు అక్కడుంది.

రష్యన్ పుస్తకాలు జపానుకు కొత్తవి కావు. ఫుతబతెయి షిమెయి 1888లోనే తుర్గేనెవ్ కథను నేరుగా రష్యన్ నుంచి అనువదించాడు. పుస్తకాల జపనీసును పక్కనబెట్టి, మనుషులు మాట్లాడుకునే జపనీసులో వచనం రాయొచ్చని చూపినవాళ్ళలో ఆయన ముందువరసలో ఉంటాడు. అంటే ఆధునిక జపనీస్ వచనం నడక నేర్చిన తొలిరోజుల్లో దాని చేతిలో రష్యన్ కథ ఉంది. నాలుగేళ్ళకు ఉచిద రోఅన్ దోస్తొయెవ్‌స్కీ 'నేరము-శిక్ష'ను జపనీసులోకి తెచ్చాడు, అదీ ఇంగ్లీషు మీదుగా. మనకూ రష్యన్ నవలలు చాలావరకు ఆ దారినే వచ్చాయి కాబట్టి ఆ ప్రయాణంలో ఏం పోతుందో, ఏం నిలుస్తుందో తెలుగు పాఠకులకు విడమరిచి చెప్పనక్కర్లేదు.

1914లో తోల్‌స్తోయ్ 'పునరుత్థానం' తోక్యోలో నాటకమైంది. కత్యూషా వేషం వేసిన మత్సుయి సుమకో పాడిన పాట ఊరూవాడా మారుమోగింది. అదే ఏడు నికత్సు కంపెనీ దాన్ని సినిమాగా తీసింది. అందులో కత్యూషా ఆడమనిషి కాదు, తచిబన తెయిజిరో అనే, ఆడవేషాలు వేసే మగనటుడు. మన సురభికి ముందటి నాటకాలవాళ్ళకు ఇందులో వింతేమీ కనిపించదు. ఏతావాతా ఏమిటంటే, రష్యన్ నవలను జపాన్ తెర మీదికి తేవడం 1910లో పుట్టిన కురొసావాకి నాలుగేళ్ళప్పుడే మొదలైపోయింది. ఆ తొలి సినిమాలు కథను ఎత్తుకొచ్చి కన్నీళ్ళు పెట్టించి ఊరుకున్నాయి. నవలంతా తెరకెక్కాలన్న పంతం వాటికి లేదు.

ఆ పంతం కురొసావాకి అన్న దగ్గర మొదలైందని నా నమ్మకం. అన్న పేరు హెయిగో. మూకీ సినిమాలకు తెర పక్కన నిలబడి కథ చెప్పే 'బెన్షి' ఆయన. రష్యన్ సాహిత్యం అంటే పిచ్చి. ఏ సినిమా చూడాలో, ఏ పుస్తకం చదవాలో తమ్ముడికి చెప్పింది ఆయనే. 1923 భూకంపం తర్వాత కాలిపోయిన తోక్యోలో శవాల గుట్టల మధ్యకు తమ్ముణ్ణి తీసుకెళ్ళి, కళ్ళు మూసుకోవద్దు, చూడు అని చూపించిందీ ఆయనే. టాకీలు వచ్చి బెన్షిల నోట మట్టికొట్టాయి. వాళ్ళ సమ్మెకు హెయిగో నాయకుడయ్యాడు. సమ్మె ఓడింది. 1933లో ఆత్మహత్య చేసుకున్నాడు. ఇంత బరువుతో చేతికందిన రచయితను ఎవరైనా కథావస్తువుగా చూడగలరా? కురొసావా జీవితాంతం దోస్తొయెవ్‌స్కీని తనకు అందరికన్నా ఇష్టమైన రచయితగా చెప్పుకున్నాడు.

మరి అంత ఇష్టమైన పుస్తకాన్ని షోచికులో ఎందుకు తీశాడు? ఆయన సొంతిల్లులాంటి స్టూడియో తోహో. యుద్ధం ముగిశాక అక్కడ సమ్మె మీద సమ్మె. 1948లో స్టూడియోలో మకాం వేసిన కార్మికులను ఖాళీ చేయించడానికి పోలీసులతోపాటు అమెరికా సైన్యం ట్యాంకులతో దిగింది. విమానాలూ ఎగిరాయి. రానిది యుద్ధనౌక ఒక్కటే అని జపనీయులు ఇప్పటికీ ఎకసెక్కంగా అంటారు. ఆ గొడవలతో విసిగి కురొసావా బయటికొచ్చి, తన గురువు యమమొతో కజిరో వగైరాలతో కలిసి ఒక సంఘం పెట్టుకుని, పిలిచిన కంపెనీకి సినిమా తీసిపెట్టడం మొదలుపెట్టాడు. దయియెయికి రెండు, షింతోహోకి ఒకటి, షోచికుకి రెండు. షోచికు ఒఫున స్టూడియో అంటే ఇల్లూ వాకిలీ, తండ్రీ కూతురూ, కన్నీరు చిరునవ్వుల మధ్య నడిచే సినిమాలకు పేరు. అలాంటి ఇంట్లోకి దోస్తొయెవ్‌స్కీ వెళ్ళాడు.

నవల సంగతి రెండు ముక్కల్లో. 1868, 69లలో పత్రికలో సీరియల్‌గా వచ్చింది. స్విట్జర్లాండులో వైద్యం చేయించుకున్న మూర్ఛరోగి, మనసులో మురికి లేని ప్రిన్స్ మిష్కిన్, రైల్లో పీటర్స్‌బర్గ్ వస్తాడు. డబ్బూ పంతమూ తప్ప మరేమీ తెలియని లోకం అతణ్ణి 'ఇడియట్' అంటుంది. తెలుగులో ఈ మాటకు 'మూర్ఖుడు' సరిపోదు. మనవాళ్ళు జాలీ ముద్దూ కలిపి 'పిచ్చిమాలోకం' అంటారే, అది దగ్గర. 'వెర్రి వేమన్న' అన్న మాటలోని వెర్రి ఇంకా దగ్గర. జపనీసు మాట 'హకుచి'. అందులో 'హకు' అంటే తెలుపు, 'చి' అంటే తెలివిలేమి. ఇవాళ జపాన్‌లో ఆ మాటను అవమానంగా ఎంచి వాడటం మానేశారు. సినిమా నిండా మంచే కాబట్టి ఆ తెలుపు నాకు కాకతాళీయంగా అనిపించదు.

మంచు కోసమే కథ హొక్కైడోకి, సప్పొరోకి వెళ్ళింది. మెయిజీ ప్రభుత్వం 1869 తర్వాత అమెరికన్ సలహాదారులను రప్పించి గళ్ళుగళ్ళుగా గీసి కట్టించిన ఊరది. వెడల్పాటి వీధులు, పాశ్చాత్య పద్ధతి ఇళ్ళు, కొలిమిలాంటి పొయ్యిలు, గుర్రపు స్లెడ్జి బళ్ళు. క్యోతోలో ఈ కథ నడవదు. సప్పొరోలో మనుషులు కోట్లూ బూట్లూ వేసుకుని తిరుగుతుంటే పీటర్స్‌బర్గ్ అంత దూరమనిపించదు. కథానాయకుడి వేషం వేసిన మొరి మసయుకి పుట్టింది కూడా ఆ ఊళ్ళోనే. అతని తండ్రి అరిషిమ తకెయొ పేరున్న నవలాకారుడు, సప్పొరోలో పాఠాలు చెప్పినవాడు. 1923లో ప్రేయసితో కలిసి ప్రాణం తీసుకున్నాడు. మొరి ముఖంలో ఆ మంచులో నడుస్తున్నప్పుడు కనిపించే దిగులుకి ఇది కారణమని అనను. తెలిశాక మాత్రం ఆ ముఖం మామూలుగా చూడలేం.

పేర్లు మార్చిన తీరు సరదాగా ఉంటుంది. మిష్కిన్, రొగోజిన్ అనే ఇద్దరి మధ్య నలిగే నస్తాస్య జపాన్ వచ్చేసరికి నసు తయెకో అయింది. అగ్లాయ అయకో అయింది. గాన్య కయమ అయ్యాడు. చెవికి పాత పేరు వినిపిస్తూనే కొత్త పేరు అచ్చమైన జపనీసు. మిష్కిన్ ఇంటిపేరులో ఎలుక ఉంది, అసలు పేరు లేవ్ అంటే సింహం. కురొసావా అతనికి కమెద అని పెట్టాడు. అందులో తాబేలు ఉంది. ఎలుక పోయి తాబేలొచ్చింది! రొగోజిన్ అకమ అయ్యాడు. 'అక' అంటే ఎరుపు. మిఫునె తొషిరో ఆ పాత్రను ఆ ఎరుపుకు తగ్గట్టే చేశాడు.

ఇవన్నీ పైపై మార్పులు. అసలు మార్పు ఒక్కటే, ఈ సినిమాకు ప్రాణం అక్కడుంది. దోస్తొయెవ్‌స్కీని 1849 డిసెంబరులో పీటర్స్‌బర్గ్ సెమ్యోనొవ్‌స్కీ మైదానంలో కాల్చి చంపడానికి నిలబెట్టారు. మొదటి ముగ్గురినీ గుంజలకు కట్టారు. ఈయన తర్వాతి జట్టులో. తుపాకులు ఎత్తాక జార్ క్షమాభిక్ష పెట్టాడని చదివారు. అంతా ముందే అనుకున్న నాటకం. ఆ కొన్ని నిమిషాలను ఆయన నవలలో మిష్కిన్ నోట, ఎవరో మనిషి అనుభవంగా చెప్పించాడు. కురొసావా దాన్ని తీసి నేరుగా కమెద ఒంటిమీద పెట్టాడు. కమెద ఒకినవా నుంచి తిరిగొచ్చిన సైనికుడు. ఎవరో అనుకుని యుద్ధ నేరస్తుడిగా మరణశిక్ష వేసి, చివరి క్షణంలో వదిలేశారు. మూర్ఛ అప్పుడు పట్టుకుంది. స్విట్జర్లాండ్ స్థానంలో అమెరికన్ల ఆసుపత్రి.

1951 జపాన్‌లో ఇది కల్పనలా వినిపించే మాట కాదు. మిత్రదేశాలు పెట్టిన చిన్నస్థాయి యుద్ధ నేరాల విచారణల్లో 5,700 మంది దాకా బోనెక్కారు, 900 మందికి పైగా మరణశిక్షకు బలయ్యారు. దేశం ఇంకా అమెరికా ఆధీనంలోనే ఉంది, అది ముగిసింది 1952 ఏప్రిల్‌లో. హాల్లో కూర్చున్నవాళ్ళలో ఎవరి ఇంట్లోనో అలాంటి ఉత్తరం అందుకున్న తల్లి ఉండే ఉంటుంది. నవలలో మిష్కిన్ మంచితనం వెనక క్రీస్తు ఉన్నాడు. జపాన్ ప్రేక్షకులకు ఆ క్రీస్తు పట్టడు. చావు అంచు దాకా వెళ్ళొచ్చినవాడికి ప్రతి ప్రాణీ ముద్దొస్తుందన్న మాట మాత్రం నేరుగా గుండెకు తగులుతుంది. ఒక్క మార్పుతో ఇంత పని జరిగింది.

ఒక దృశ్యం చూడండి. సప్పొరో చేరిన మొదటి రోజు. ఫొటో స్టూడియో అద్దాల కిటికీలో తయెకో పెద్ద ఫొటో. బయట మంచు. కమెద, అకమ ఇద్దరూ నిలబడి చూస్తుంటారు. ఆ ఇద్దరి ముఖాలూ అద్దంలో ప్రతిఫలించి ఆమె ముఖానికి అటూ ఇటూ నిలుస్తాయి. కెమెరా అంతే చేస్తుంది. ఇకమీద జరగబోయేదంతా ఆ ఒక్క షాట్‌లో ఉంది: ఇద్దరు మగవాళ్ళు, మధ్యలో ఒక ఆడమనిషి, ఎవరూ ఎవర్నీ తాకలేని అద్దం. ఆ కళ్ళను ఎక్కడో చూశానంటాడు కమెద. తనతోపాటు మరణశిక్ష పడి, తప్పించుకోలేకపోయిన కుర్ర సైనికుడి కళ్ళవి.

మరొకటి. నవలలో మిష్కిన్, రొగోజిన్ మెడలో శిలువలు మార్చుకుంటారు. సినిమాలో అకమ తన తాయెత్తు ఇస్తాడు. కమెద తన దగ్గరున్న చిన్న రాయి ఇస్తాడు. తర్వాత అకమ ముసలి తల్లి దగ్గరికి వెళతారు. చిన్నపిల్లలా మారిపోయిన ఆ ముసలామె ఇంటి బుద్ధుడి ముందు కూర్చుని ఇద్దరికీ టీ పోస్తుంది. శిలువను తాయెత్తు చేయడం పెద్ద తెలివి కాదు, ఎవరైనా చేస్తారు. ఆ గదిలో మాటలు తగ్గి, చంపబోయేవాడూ చావుకు దగ్గరైనవాడూ పిల్లల్లా బుద్ధిగా కూర్చోవడం మాత్రం కురొసావాదే.

తయెకోగా హర సెత్సుకో. అప్పటికి రెండేళ్ళ ముందే మరో జపాన్ దర్శకుడు ఓజు సినిమాలో తండ్రిని విడిచి పెళ్ళికి వెళ్ళలేక ఏడ్చే కూతురిగా జపానంతా తన బిడ్డ అనుకున్న నటి. ఇక్కడ ఆమె నల్లటి అంగీ కప్పుకుని, తనను కొనడానికి తెచ్చిన పది లక్షల యెన్ల కట్టను నిప్పుల్లో విసురుతుంది. ఓజు కూతుర్ని చూడాలని వచ్చినవాళ్ళు బిత్తరపోయి ఉంటారు.

ఇంతవరకూ బాగుంది. ఇక అసలు చిక్కు. సాహసించి మార్చినచోటల్లా సినిమా ఊపిరి తీసుకుంటుంది. మార్చడానికి చెయ్యి రానిచోట బిగుసుకుపోతుంది. పార్టీలో పదిమంది ఒకరి తర్వాత ఒకరు నవలలోని వరసలోనే మాట్లాడుతుంటే, పుస్తకం పక్కన పెట్టుకుని పేజీలు తిప్పుతున్నట్టుంటుంది. గురువు గారి ముందు శిష్యుడు చేతులు కట్టుకున్నట్టు. తెరమీద మైలురాళ్ళలా వచ్చే పెద్ద పెద్ద టైటిల్ కార్డులు మరీ ఇబ్బంది: ఎవరు ఎవరికి ఏమవుతారో, మధ్యలో ఏం జరిగిందో చదివి తెలుసుకోవాలి. ఇందులో ఎంత కురొసావా భక్తి, ఎంత కంపెనీ కత్తెర మిగిల్చిన గాయం, విడదీసి చెప్పడం ఇప్పుడెవరి తరమూ కాదు. మొదటి గంటకే ఎక్కువ దెబ్బ తగిలిందని మాత్రం ఎవరికైనా తెలిసిపోతుంది. కార్డులన్నీ అక్కడే గుమిగూడాయి. సాక్ష్యమే పోయిన కేసు ఇది.

'ప్రేమ-వేదన', 'ప్రేమ-ద్వేషం' అని సినిమాకు రెండు భాగాలున్నాయి. రెండుగా విడుదల చేస్తే బతికేది. కంపెనీ ముందు మూడు గంటలకు, తర్వాత 166 నిమిషాలకు దింపి మే నెలలో విడుదల చేసింది. షోచికును రాక్షసిగా చూపడం తేలికే. నాలుగున్నర గంటల సినిమా అంటే రోజుకు ఆటలెన్ని, టికెట్లెన్ని అన్న లెక్క వాళ్ళది. కానీ అదే షోచికు 1959 నుంచి 1961 లోపు కొబయషి మసకి తీసిన తొమ్మిది గంటలు దాటిన యుద్ధ సినిమాను మూడు విడతలుగా జనంలోకి వదిలింది. లెక్క మారేది పదేళ్ళకే.

విమర్శకులు కంపెనీ పాటే పాడారు. దయియెయి కంపెనీ, తర్వాతి సినిమా మాకు అక్కర్లేదని చెప్పేసింది. ఆ మాట విన్న కురొసావా రైలెక్కే ఓపిక కూడా లేక స్టూడియో నుంచి ఇంటికి నడిచి వెళ్ళానని తన జ్ఞాపకాల్లో రాసుకున్నాడు. దారిలో తమ నది దగ్గర చేపలు పట్టబోతే గేలం దేనికో చిక్కి తాడు తెగింది. అదృష్టం పూర్తిగా పోయినప్పుడు ఇలాగే ఉంటుందనుకుంటూ ఇల్లు చేరి తలుపు తీస్తే భార్య ఎదురొచ్చి శుభాకాంక్షలు చెప్పింది. 'రషొమోన్'కు వెనిస్ చిత్రోత్సవంలో పెద్ద బహుమతి వచ్చింది! ఆ సినిమా పోటీకి వెళ్ళిన సంగతే ఆయనకు తెలియదు. పక్కకు నెట్టేసినవాడికి చల్లారిన అన్నం పెడతారన్నది జపనీసు నానుడి. ఆ చద్దన్నం తప్పిందన్నాడాయన.

దోస్తొయెవ్‌స్కీని ఇంకెప్పుడూ పూర్తిగా తలకెత్తుకోలేదు. ఆ పని చేస్తున్నప్పుడు సుమో మల్లుడి కింద పడ్డట్టుందన్నది తర్వాత ఆయన మాట. గోర్కీ 'అధోలోకం' 1957లో తీశాడు. 1965 నాటి 'అకహిగె'లో వేశ్యల ఇంటి నుంచి కాపాడి తెచ్చిన పిల్ల కథను మాత్రం దోస్తొయెవ్‌స్కీ మరో నవల నుంచి చప్పుడు చేయకుండా తెచ్చి 'ఎదో' కాలం నాటి పాత జపాన్ ఆసుపత్రి కథలో కలిపేశాడు. అది అతుకు కనిపించకుండా కలిసింది. చేతులు కట్టుకోవడం మానేశాడు కాబట్టి. 1971లో చనిపోవాలని మణికట్టు కోసుకుని బతికిన కురొసావాను మళ్ళీ నిలబెట్టింది కూడా రష్యాయే. సోవియట్ యూనియన్‌లో తీసిన 'దెర్సు ఉజాలా' 1975లో విడుదలై ఆస్కార్ తెచ్చింది. నిందలు పడ్డ 'హకుచి'ని రష్యన్ దర్శకుడు కోజింత్సెవ్ అప్పటికే నెత్తిన పెట్టుకున్నాడు.

తన సినిమాలన్నిటిలో దీని గురించే జనం నుంచి ఎక్కువ ఉత్తరాలు వచ్చాయని కురొసావా ఓసారి అన్నాడు. నలభై ఏళ్ళకు, 1991 నాటి సినిమా కోసం మళ్ళీ షోచికు గడప తొక్కినప్పుడు, ఆ 265 నిమిషాల రీళ్ళ కోసం ఆయన వాళ్ళ గోదాముల్లో వెతికాడని చెబుతారు. అప్పటికి ఎనభై దాటాయి. దొరకలేదు.